కుచ్చుపెట్టకి చోటు

అతన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. ఆఫీసు భవనం లిఫ్టులో ఓ మూల ముక్కాలిపీట మీద కూర్చుని పొద్దున్నించీ సాయంత్రం దాకా మనుషుల్ని ఎక్కించడం, దించడం అతని పని. రోజంతా ప్రయాణమే, చేరిన చోటు మాత్రం ఏదీ లేదు. తలుపు తెరుచుకుంటే ఒక నడవా వెలిగేది, మూసుకుంటే ఆరిపోయేది. ఎక్కినవాళ్ళంతా తలుపు వైపే తిరిగి నిలబడతారు కాబట్టి అతనికి ముఖాలకంటే మెడలే బాగా గుర్తు.

సాయంత్రం చేరేది అత్తగారింటికి. పెళ్ళినాటికి అతనికి తలదాచుకోవడానికి గదైనా లేదు. "కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి" అందావిడ. ఆ కొన్నాళ్ళలోనే అతని జుట్టు నెరిసింది. గోడకి మేకు కొట్టాలన్నా, వంటగది పక్క కిటికీ తెరవాలన్నా ఆవిడనే అడగాలి. భార్య మంచిదే. ఏం అడిగినా నవ్వి, "అమ్మనడుగు" అనేది.

ఇంటి వెనక నాలుగు గోడల మధ్య చిన్న పెరడు. దాని పైన కత్తిరించి అతికించినట్టు ఓ ఆకాశం ముక్క. అక్కడ తిరిగేవి అత్తగారి ఎర్రకోళ్ళు. చురుకైన జాతి. గుడ్లు బాగా పెడతాయి, తగువులు అంతకంటే బాగా పెడతాయి.

ఓ సాయంత్రం గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, నేనూ ఓ కోడిని తెచ్చుకుంటానండీ" అన్నాడు.

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. "ఒక్కటే. గింజలు మాత్రం మీవే."

కోళ్ళ వ్యాపారి దగ్గర అతని చూపు తెల్లటి పెట్ట మీద పడింది. తల మీద పెద్ద ఈకల కుచ్చు. దూదిమబ్బు దారి తప్పి వచ్చి కోడి నెత్తిన కూర్చున్నట్టుంది.

"ఇంట్లో ఏ జాతున్నాయి బాబాయ్?" అన్నాడు వ్యాపారి.

"ఎర్రవి."

"అయితే దీన్ని ముట్టుకోకు. కుచ్చు కళ్ళ మీద పడి పక్కనుంచి ఎవరొచ్చినా దీనికి కనిపించదు. పైగా ఉత్త అమాయకురాలు. నీ ఎర్రవేమో మిరపకాయలు. అదిగో, కాళ్ళకి పైజామాలు తొడుక్కున్నట్టున్నాయే, ఆ బరువు జాతి తీసుకో. ఎవరి జోలికీ పోవు, ఎవరొచ్చి మీద పడినా కదలవు. ఇదే కావాలంటావా, వాటిలో రెండింటిని తోడిచ్చి తీసుకెళ్ళు. కొత్తచోటికి కోడిని ఒంటరిగా పంపకూడదు."

"ఒక్కదానికే పర్మిషనుంది."

"ఎవరిచ్చారు?"

"అత్తగారు."

వ్యాపారి నవ్వుకి గంపలోని కోళ్ళు బెదిరి లేచాయి. లిఫ్టాయన మాత్రం తెల్లదాన్నే గుండెలకి హత్తుకుని ఇంటికి నడిచాడు.

పెరట్లో వదిలీ వదలగానే ఎర్రవి చుట్టుముట్టాయి. కుచ్చుపెట్టకి ఎటు పరిగెత్తాలో తెలియలేదు, గోడకేసి వెళ్ళి తల కొట్టుకుంది. తెల్లటి కుచ్చు మీద నెత్తురు మెరిసింది.

అత్తగారు గుమ్మంలోకొచ్చి చూసింది. "రోజూ ఈ గోల నేను పడలేను. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇమడకపోతే పొయ్యి మీదికే."

అతను పాత చెక్కలకి ఇనుప జాలీ బిగించి, పెరటి మూల చిన్న అర చేశాడు. కత్తెరతో కుచ్చు కొసలు కత్తిరించి, గాయానికి పసుపద్ది, పెట్టని అందులో ఉంచాడు. ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటే అలవాటు పడతాయని అతని ఆశ. జాలీ అవతల ఎర్రవి మట్టి గీరుకుంటూ, రెక్కలు ఎండకి ఆరేసుకుంటూ తిరిగేవి. ఇవతల కుచ్చుపెట్ట జాలీకి ఆనుకుని మెడ సాచేది. ఆ మెడని లిఫ్టులో కూర్చున్నా మరిచిపోలేకపోయేవాడు. అంతస్తు మీద అంతస్తు ఎక్కుతూ, తను దానికి వేసిన గడియ చప్పుడే వింటూ ఉండేవాడు.

ఆదివారం పొద్దున్నే జాలీ తలుపు తీశాడు. తెల్లది రెండడుగులు వేసింది. పెద్ద ఎర్రది ఎక్కణ్ణుంచో దూసుకొచ్చి నెత్తిన పొడిచింది. అది చూసి మిగతావీ లేచాయి. అతను కిందపడుతూ లేస్తూ దాన్ని లాక్కుని మళ్ళీ జాలీలో పెట్టాడు.

అత్తగారు అప్పటికే గుమ్మంలో ఉంది. "ఎవరు పొడిచింది?"

అతను తల దించుకున్నాడు. ఆవిడ ఇంట్లో ఆవిడ సొత్తు గురించి అతను ఇంతవరకు నోరెత్తి ఒక్క మాట అనలేదు. జాలీలో తెల్లది వణుకుతోంది.

"మీ పెద్దదేనండీ," అన్నాడు. "మొదట్నించీ అదే. మిగతావి దాన్ని చూసి వస్తాయి."

"ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"మీ కోడి కదండీ."

"బావుంది! దెబ్బలు తిన్నదాన్ని బంధించి, కొట్టినదాన్ని ఊరేగించారన్నమాట!"

చెంగు బిగించి, వంగి, ఒక్క పట్టున పెద్ద ఎర్రదాన్ని రెక్కలతో సహా ఒడిసి పట్టుకుంది. "తియ్యండి ఆ తలుపు." తెల్లది బయటికొచ్చింది, ఎర్రది లోపలికెళ్ళింది. "నాలుగు రోజులు కూర్చుంటే దీని పెత్తనం దిగుతుంది. తిరిగొచ్చేసరికి దీని చోట ఇంకోటుంటుంది. ఏమిటలా చూస్తారు? ఆ పైజామాలవాటిని కూడా రెండింటిని తెచ్చెయ్యండి. వ్యాపారి అన్న మాట మీ ఆవిడ నాకు చెప్పిందిలే."

"మరి ఒక్కటే అన్నారు..."

"అన్నాను. ఇప్పుడు మూడంటున్నాను. గింజలు మాత్రం మీవే."

తెచ్చాడు. బరువుకోళ్ళు దిండ్లలా పెరట్లో దొర్లాయి. కుచ్చుపెట్ట వాటి నీడ వదల్లేదు. పెద్ద ఎర్రది బయటికొచ్చిన రోజు అటూ ఇటూ చూసి, ఒకసారి మెడ నిక్కించి, బరువుకోడి కదలకపోయేసరికి తన దారిన పోయింది. చీకటి పడే వేళకి గూట్లో వాలే కర్ర మీద రెండు దిండ్ల మధ్య ఓ మబ్బు, చిట్టచివర పెద్ద ఎర్రది.

అతను గూటి గడియ వేసి లోపలికొచ్చాడు. గదంతా ఉక్కగా ఉంది. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ మెత్తబడిందనుకున్నాడేమో, కిటికీ మీద చెయ్యి వేశాడు.

"అత్తయ్యగారూ, ఇది కాస్త తెరవనా?"

"దోమలొస్తాయి," అందావిడ.

అతను చెయ్యి తీసి గది మూలనున్న పీట మీద కూర్చున్నాడు. మూసిన కిటికీ రెక్కల అవతల, నిద్రలో ఒదిగి సర్దుకుంటూ కుచ్చుపెట్ట సన్నగా కూసింది.