ఠాణాలో ఖైదైన సన్న పానా

పోలీస్ యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు. ఆలేరులో నా సైకిలు దుకాణానికి సోదాల బాధ మాత్రం పోలేదు. మొన్న సోదాకు వచ్చిన పోలీసు క్యాంపు జమేదారు, కమ్యూనిస్టు దళాలకు తుపాకులు బిగించే సామానంటూ నా సన్న పానాను పట్టుకుపోయాడు. చక్రం ఇరుసు మీద ఇనుప గుండ్లను పట్టి ఉంచే కోను విప్పాలంటే అదే కావాలి, లావు పానా ఆ సందులో దూరదు. అది లేక నా పని ఆగిపోయింది.

ఇవాళ ఆ జమేదారు సైకిలు చక్రమే గరగరమంటే నా దుకాణానికే తెచ్చాడు.

"ఏందిరా, గిన్ని పానాలున్నయి గద, దేంతోనన్న ఇప్పు."

"సరిపోయేది మీ ఠాణాల ఖైదున్నది సాబ్. జర జమానతు మీద ఇడిపియ్యుండ్రి."

నవ్వలేదు గానీ, పోయి తెచ్చాడు. ఇరుసు విప్పి, గుండ్లు కడిగి, గ్రీజు పెట్టి బిగించాను. నేను చేతులు తుడుచుకునేలోపే పానా మళ్లీ ఆయన జేబులోకి పోయింది.

"గిది ఆయుధంరా. నీ తాన ఉండొద్దు."

ఆయన చక్రానికి పనిముట్టు, నా పొయ్యి వెలగడానికైతే ఆయుధం! ఆయన బుద్ధి తెలిసే కోను కాస్త వదులుగా బిగించాను. నాలుగు రోజుల్లో చక్రం ఊగుతుంది, పానా నా చేతికొస్తుంది. సొంత పనిముట్టును కళ్లజూసుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన దారి మీకు తెలిస్తే చెప్పండి.