ఇంటర్వ్యూ నాకా, నా బ్లాగుకా?

ఈ రోజు పరవాడలో ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. పాత కంపెనీ వాళ్లు మా ల్యాబ్ మూసేసినప్పటి నుంచి ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాను. మందుల నాణ్యత పరీక్షించడం నా వృత్తి. పొదుపు గురించి తెలుగులో బ్లాగు రాయడం నా సరదా. ఆ సరదా సంగతి రెజ్యూమేలో చివరి వరుసలో ఉంది. హెచ్‌ఆర్ మేనేజర్‌ గారి కళ్లు నేరుగా అక్కడే పడ్డాయి.

ల్యాబ్ పని గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బావమరిది అంటగట్టిన బీమా పాలసీ, ఇంటి లోను, పిల్లల చదువు, వరసగా అన్నీ తన సందేహాలే అడిగారు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో నేనూ ఓపికగా చెప్పాను. అంతా విని ఆయన ఫైలు మూశారు.

“డబ్బు గురించి ఇంత బాగా రాత్తన్నారు. మీకింక ఈ ఉద్యోగం ఏటవసరం మేడమ్?”

“రాత్తే జీతం రాదు కదండీ. నాకు నిజంగానే ఉద్యోగం కావాలి.”

“అబ్బే, మీలాంటోళ్లు ఇక్కడ ఎక్కువ రోజులుండరండి,” అని పంపేశారు.

దువ్వాడలో బస్సు దిగేసరికి వాట్సాప్‌లో ఆయన మెసేజ్. ఆ పాలసీ ఆపేయమంటారా, కొనసాగించమంటారా అని! ఒళ్లు మండిపోయింది. ఫోను బ్యాగులో పడేసి ఇంటికొచ్చాను. కానీ అన్నం తింటున్నా మనసు ఊరుకోలేదు. పాలసీ ఆపేముందు ఏమేం చూసుకోవాలో వివరంగా రాసి పంపాను. కోపం ఆయన మీద గానీ, ఆ పిల్లల చదువు మీద కాదు కదా.

దానికి ఆయన ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నారు.

మీరైతే జవాబిచ్చేవారా? నిజం చెప్పండి, నా మీద నాకే చిరాగ్గా ఉంది.