నొప్పి దాచుకునే ఎలుకలు

ప్రయోగాల కోసం ఎలుకలను పెంచే మా కాలేజీ జంతుశాలలో అటెండరుగా పనిచేసిన పెద్దాయన పోయిన వారం చనిపోయారు. రిటైరయ్యాక శింగనమల దగ్గర సొంత ఊళ్లోనే ఉంటున్నారు. "నాయన పోయినాడు మేడం. పొద్దున కాఫీ తాగి మంచమ్మీద ఒరిగినాడు, అంతే," అని ఆయన కూతురు ఫోన్లో చెప్పింది. పరిశోధనలో నాకు గైడు వేరే ఉన్నారు. గురువెవరని అడిగితే మాత్రం ముందు గుర్తొచ్చేది ఈయనే. ఆ మాట ఆయన బతికుండగా చెప్పానా అంటే, లేదు.

ఉద్యోగంలోకి రాకముందు ఆయన గొర్రెలు కాసేవారు. ఎలుకల పెట్టె తెరిచేముందు మూత మీద వేలితో మెల్లగా గీకేవారు. "వస్తాండామని చెప్పాల గదా పాపా. చెప్పకుండా మనింట్లోకి ఎవురన్నా దూరితే ఊరుకుంటామా?" అనేవారు.

అప్పట్లో నేను ఒక మొక్క రసం నొప్పిని తగ్గిస్తుందేమో చూస్తున్నాను. ఎలుక పాదానికి వాపు తెప్పించే సూది వేసి, ఆ పాదాన్ని అది ఎన్నిసార్లు నాకుతుందో లెక్కపెట్టాలి. మందిచ్చినవి దాదాపు నాకడం లేదు. గైడు సంతోషించారు. థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలే గడువు.

ఒకరోజు ఆయన స్టూలు మీంచి లేవకుండానే అన్నారు: "నొప్పి తగ్గలేదు పాపా. నిన్ను చూసి బిగబట్టుకోనుండాయి."

"నీకెట్లా తెలుసన్నా?"

"గొర్రె గూడా అంతే. నక్క చూస్తాంటే కుంటదు. కుంటితే దాన్నే పట్టుకోని పోతాది గదా. అందుకే జబ్బు గొర్రెను మేము ఎదురుగా నిలబడుకోని చూడం. వీపు తిప్పి కూర్చోని ఓరగా చూస్తాం."

నా తప్పు అప్పుడు తెలిసింది. మందిచ్చిన ఎలుకలను ఆత్రంగా నేనే పెట్టె మీదికి వంగి చూసేదాన్ని. ఇవ్వనివాటిని లెక్కపెట్టే పని ఆయనకు వదిలేశాను. ఆయన తలుపు దగ్గరి స్టూలు మీంచే చూసేవారు. అవి ఆయనకు భయపడవు.

"ఇప్పుడా చెప్పేది?" అని కసురుకున్నాను.

"పరీక్ష నీదా, ఎలుకదా?" అని నవ్వారు. కాసేపటికి, "దానికి నొప్పి పెట్టినాం. మంచి పనేం గాదు. ఆ నొప్పి వట్టిగా పోగూడదు," అన్నారు.

ఆ సాయంత్రం ఒక్కో పెట్టెలో ఒక మెత్తటి కాగితం వేశారు. బాగున్న ఎలుక తెల్లారేసరికి దాన్ని చించి గూడు కట్టుకుంటుందట, నొప్పితో ఉన్నది ముట్టుకోదట. మర్నాడు చూస్తే, మందిచ్చిన ఎలుకల పెట్టెల్లో కాగితాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

గడువు వదులుకున్నాను. గైడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దాయన అడ్డం పడకపోతే ఆ అంకెలు అలాగే ఇచ్చేసేదాన్నా? ఇచ్చేసేదాన్నేమో. ఇప్పుడు నా విద్యార్థులు ఫలితం బాగా వచ్చిందని పరిగెత్తుకొస్తే, ఎక్కడ కూర్చుని చూశారని అడుగుతాను. కొందరు మళ్లీ చేసుకొస్తున్నారు, నేను చెప్పకుండానే.

అప్పుడు మేమిద్దరం మందు మోతాదు కాస్త పెంచి మళ్లీ మొదలుపెట్టాం. ఏ పెట్టెలోవాటికి మందు పడిందో నాకు తెలియకుండా ఆయన పెట్టెల మీది చీటీలకు కాగితం అంటించి మూసేశారు. ఒక పొద్దున నేను వెళ్లేసరికి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. రమ్మని కళ్లతోనే పిలిచి, చీటీల మీద అంటించినవి ఒక్కొక్కటే ఊడదీశారు. మందిచ్చిన పెట్టెలు. అన్నింట్లో కాదు, సగానికి కొంచెం ఎక్కువ పెట్టెల్లో, చించిన కాగితం కుప్పలు. లోపల నిద్రపోతున్న ఎలుకల ఊపిరికి ఆ తెల్లటి కుప్పలు మెల్లగా లేస్తున్నాయి, దిగుతున్నాయి.