రైట్ రైట్ అంటేనే కదిలే బండి

మొన్న మా ఆడబిడ్డ కొడుకు ఫోను చేసి, పాత పెట్రోలు బండ్లన్నీ తీసేస్తున్నాననీ, వాటి బదులు కరెంటు బండ్లు తెప్పించాననీ, ఒకసారి వచ్చి తోలి చూడమనీ చెప్పినప్పుడు, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న నేను గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. రాప్తాడు దాటాక హైవే పక్కన ఆ అబ్బాయి నడుపుతున్న గోకార్టు ట్రాకు సంగతి అది. నేలకు జానెడు ఎత్తులో, పైకప్పూ తలుపులూ లేని బుల్లి కారును కాసేపు అద్దెకు తీసుకుని, తలకు హెల్మెట్ తగిలించుకుని, మెలికలు తిరిగిన దారిలో ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తారా అని తోలే ఆట. నా ఈడు వాళ్లంతా అది మనవళ్లు ఆడుకునేదని కొట్టిపారేస్తారు. పారేయనీండి. మూగబోయిన నా ఇంటికి మాట తెచ్చి ఇచ్చింది ఆ ఆటే కాబట్టి, దాని గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే నాకు తోచదు.

నేను ఎర్రబస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయిన దాన్ని. మా ఆయన అదే డిపోలో డ్రైవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను కుందుర్పి సర్వీసుకు వేస్తే ఆ బండి ఆయనదే. డిపోలో ఆడవాళ్లం డ్రైవర్లందరినీ అన్నా అనే పిలిచేవాళ్లం కాబట్టి ఆయననూ అన్నా అనే పిలిచాను, ఏడాది తిరక్కుండా పెద్దవాళ్లు మా ఇద్దరికీ సంబంధం ఖాయం చేసేసరికి ఆ మాట కాస్తా గొంతులో ఇరుక్కుపోయింది. పేరు పెట్టి పిలవడానికి సిగ్గు, అన్నా అనడానికి నోరు రాదు. ఇక మిగిలింది ఒకటే పిలుపు, రైట్ రైట్. నాతోటివాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ కాలం పిల్లలకు ఆ మాట కుడివైపు అని మాత్రమే తెలుసు. మా బస్సులో దానికి అర్థం వేరు. ఎక్కవలసిన వాళ్లు ఎక్కారు, దిగవలసిన వాళ్లు దిగారు, నేను వెనక్కి తిరిగి చూశాను, ఇక బండి కదలవచ్చు అని. ఆ మాట నా నోట్లోంచి వస్తేగానీ ఆయన క్లచ్చి మీది నుంచి కాలు తీసేవాడు కాదు. డ్రైవరుకు అదొక నియమం. మా పెళ్లి ఊరేగింపులో కారు కదలకపోతే, వెనక సీట్లోంచి నేనే రైట్ రైట్ అన్నానని మా అత్తగారు బతికి ఉన్నన్నాళ్లూ చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది.

అట్లాంటి మనిషికి చక్కెర జబ్బు కుడికంటి మీద దెబ్బ కొట్టింది. ఏటేటా జరిగే పరీక్షలో డాక్టరు అక్షరాలు చదవమంటే ఆయనకు పలక మాత్రమే కనబడిందట. మరునాటి నుంచి స్టీరింగు లేదు, డిపోలో కుర్చీ పని ఇచ్చారు. ఉద్యోగం పోలేదు కదా, అంతా మంచికే అని నేను గంతులేసినంత పని చేశాను, మనిషి మాత్రం మాట మానేశాడు. కోపం కాదు, అలక అంతకన్నా కాదు. అన్నం పెడితే తినేవాడు, స్నానం చేయమంటే చేసేవాడు, సాయంత్రం వాకిట్లో కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల చప్పుడు వింటూ ఉండిపోయేవాడు. ఇంట్లో నేను ఒక్కదాన్నే అడగడం, నేనే జవాబు చెప్పుకోవడం. అట్లా ఆరేడు నెలలు గడిచేసరికి, ఈ మనిషి ఇక నాతో మాట్లాడకుండానే పోతాడేమో అన్న భయం నాకు పట్టుకుంది. రోజంతా బస్సులో వంద మందితో మాట్లాడి వచ్చిన దానికి ఇంటి గడప తొక్కాలంటేనే మనసొప్పేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఆడబిడ్డ కొడుకు బెంగళూరులో ఇట్లాంటి ట్రాకుల్లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చి, బోర్లు ఎండిపోయి శనక్కాయ కూడా పండని వాళ్ల చేనులో తారు పోయించి, చుట్టూ పాత టైర్లు పేర్పించి, సొంతంగా ట్రాకు మొదలుపెట్టాడు. మామకు స్టీరింగంటే ప్రాణం కదా, ఇక్కడ లైసెన్సు అడిగేవాళ్లు లేరు, ఎదురొచ్చే లారీలు లేవు అని మమ్మల్ని పిలిచాడు. తీరా పోతే ఆయన బండి వంకయినా చూడలేదు. టైరు మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్లు మండింది. నువ్వు ఎక్కకపోతే నేను ఎక్కుతాను చూడు అని, పిల్లవాడు వద్దు వద్దంటున్నా వినకుండా వాడి ప్యాంటూ చొక్కా అడిగి తొడుక్కుని మరీ ఎక్కాను. అంతవరకూ నేను స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు.

మొదటి మలుపు కుడివైపుకు. దాని దగ్గరికి పోయేసరికి నాకు చేతులు బిగుసుకుపోయాయి. అది గమనించిన పిల్లవాడు గట్టు మీది నుంచి, "అత్తా, రైట్! రైట్!" అని అరిచాడు. వాడి ఉద్దేశం కుడికి తిప్పమని. నా చెవికి అది వేరేగా వినిపించింది. అన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా, రైట్ రైట్ అని వినబడగానే బండి కదలాలి కదా అని కాలు ఏక్సిలేటరు మీద పూర్తిగా నొక్కేశాను. బండి తిన్నగా పోయి టైర్ల గోడలో దూరింది. దెబ్బ తగల్లేదు గానీ ఎర్రదుమ్ము లేచి నోరంతా మట్టి. పిల్లవాడు లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనక ఇంకొక చప్పుడు వినబడితే తల తిప్పి చూశాను. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి, ఉన్న ఒక్క కంటిలో నీళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "వాడు కుడికి తిప్పమన్న్యాడు మే, నువ్వేమో బస్సు కదిలించినావు" అన్నాడు.

అన్ని నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. అక్కడే ఆ దుమ్ములో కూర్చుని ఏడవాలనిపించింది, హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది. ఇంటికి పోయేదాకా నా డ్రైవింగును తిడుతూనే వచ్చాడు. ఆ తిట్లు వింటుంటే నాకు అమ్మవారి ముందు హారతి ఇచ్చినంత హాయిగా ఉండింది. అప్పుడే అనుకున్నాను, ఈయన మాట్లాడాలంటే నేను తోలాలి, చెడ్డగా తోలినా సరే తోలాలి అని.

అప్పటి నుంచి నా వీక్లీ ఆఫ్ ఆదివారం రోజంతా ట్రాకుకే రాసిచ్చాం. అక్కడికి వచ్చే కాలేజీ పిల్లలందరూ నిమిషం లోపలే చుట్టి వచ్చేవాళ్లు, నేను మాత్రం నిమిషం దాటి ఎంతో సేపటికి గానీ వచ్చేదాన్ని కాదు. నిన్ను నిమిషం లోపల తెప్పించకపోతే నేను డ్రైవర్నే కాదని మా ఆయన పంతం పట్టాడు. మా ఆడబిడ్డ కొడుకు ఇక నా దగ్గర రైట్ అనే మాట ఎత్తకుండా కుడి, ఎడమ అని అచ్చ తెలుగులో చెబుతూ ఓపిగ్గా నేర్పాడు. ఎడమ కాలు బ్రేకుకు, కుడి కాలు ఏక్సిలేటరుకు, రెండూ ఒకేసారి నొక్కకూడదు. మలుపులోకి దిగాక బ్రేకు వేస్తే బండి తోక తిప్పుతుంది, అందుకని తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు ముగించుకోవాలి. దారి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు నడుమ లోపలి గట్టును రాసుకుంటూ పోయి, మళ్లీ బయటి అంచుకు బండిని వదిలేయాలి. చూపు బండి ముందు కాదు, పోవలసిన చోట ఉండాలి. ఇవన్నీ వాడు చెబితే బుర్రకెక్కేవి గానీ చేతికి దిగేవి కాదు. మా చేలల్లో గాలి సంగతి తెలిసిందే, పొద్దున ఊడ్చిన తారు మీద మధ్యాహ్నానికి ఎర్రమట్టి పరుచుకునేది, తడపడానికి నీళ్లు యాడివి? వాడికి సాయంగా నేనూ పొరక పట్టుకుని మలుపులు ఊడుస్తూ ఉంటే, టైర్లు అరిగి నల్లగా అంటుకున్న దారి ఒకటి కనబడేది. తోలడం తెలిసినవాళ్లందరూ ఆ నల్లటి చారల మీదే పోయేవాళ్లని ఊడ్చి ఊడ్చి తెలుసుకున్నాను. దాన్ని తప్పితే మట్టిలో చక్రం జారుతుంది.

మా ఆయన పద్ధతి వేరు. ఆయనకు దూరం సరిగా ఆనదు కాబట్టి పెద్ద మలుపు దగ్గర టైరు మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. నేను ఎక్కడ భయపడి కాలు తీశానో, ఎక్కడ వద్దన్నా బ్రేకు తొక్కానో, చక్రాలు ఎక్కడ కీచుమన్నాయో ఒక్కటీ పోనిచ్చేవాడు కాదు. చక్రాలు కీచుమంటే బలే వేగంగా పోతున్నట్టు నేను మురిసిపోయేదాన్ని. అది బండి ఏడుపు, దాని నడకను నువ్వు లాగి పట్టుకుంటున్నావు అని గసిరేవాడు. ఇంటికొచ్చాక అన్నం కంచాలు ముందు పెట్టుకుని ఉల్లిపాయ ముక్కలతో మలుపులు పేర్చి చూపించేవాడు. ఆ ఉల్లిపాయలు ఆ తర్వాత ఎవరు తినాలన్న దాని మీద ఇంకొక తగాదా. ఇల్లు మళ్లీ ఇల్లయింది.

అయినా నిమిషం దగ్గర ఆగిపోయాను. ఎంత చచ్చీ చెడీ తోలినా ఆ పెద్ద మలుపులో స్టీరింగును కుస్తీ పట్టినట్టు పట్టేదాన్ని, బయటికొచ్చేసరికి బండి ఊపిరి పోయేది. ఇక నా వల్ల కాదు, ముసలితనంలో ఈ సంత నాకెందుకు అని ఒకరోజు హెల్మెట్ తీసి విసిరేశాను. అప్పుడు ఆయన లేచి వచ్చి నా బండి పక్కన గొంతుకూర్చున్నాడు. గట్టిగా అరవలేదు, తిట్టలేదు.

"ఎనక నువ్వు నిలబడుకోని టికెట్లు కొడతాండావనుకో. నువ్వు పడకుండా తోలు. అంతే. నేను ఇన్నేండ్లూ అట్లే తోలినా."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ఎన్నడూ చెప్పలేదు. నేను కుందుర్పి దారిలో పైన కమ్మీ పట్టుకోకుండా, ఒక చేత టికెట్లు ఒక చేత చిల్లరతో, మలుపు మలుపుకూ నిలబడే పని చేసుకుంటూ, అది నా గొప్పే అనుకునేదాన్ని. వేరే డ్రైవర్ల బండి ఎక్కిన రోజు నడుము పట్టేస్తే రోడ్డును తిట్టుకున్నాను తప్ప, తక్కిన రోజుల్లో ఎందుకు పట్టేయలేదో ఆలోచించిన దాన్ని కాదు. మలుపు ఎట్లా తీస్తే మనిషి ఒరగదో నా నడుముకు తెలుసు, నా చేతులకే తెలియదు. కళ్లు తుడుచుకుని మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాను. నా వెనక నేనే నిలబడి ఉన్నాననుకున్నాను. బ్రేకు ముందే, మెత్తగా. స్టీరింగు ఒక్కసారే, నిదానంగా. నడుమ గట్టును తాకగానే చేతులు సడలించి బండిని బయటికి వదిలేశాను. చక్రాలు కీచుమనలేదు. ఆ చుట్టు నాకు చాలా నెమ్మదిగా తోలినట్టే అనిపించింది. బండి దిగి చూస్తే, మా ఆడబిడ్డ కొడుకు గోడ మీద సమయం చూపే అంకెల పలక కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. నిమిషం లోపల వచ్చాను. మా ఆయన పలక వైపు చూడనే లేదు, ఆయనకు చప్పుడును బట్టి ముందే తెలిసిపోయింది.

ఆ సాయంత్రం ట్రాకు మీద ఎవరూ లేనప్పుడు, ఎవరూ అడగకుండానే ఆయన పోయి నా బండిలో కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది, చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, దారి ఖాళీగా ఉంది, బండి మాత్రం కదలదు. కన్ను భయపెడుతోందేమోనని నేను దగ్గరికి పోయాను. ఆయన నా వైపు తిరిగి చూశాడు, ఎదురు చూస్తున్నాడు. దేనికోసమో నాకు అప్పటికి గానీ వెలగలేదు. రైట్ రైట్ అన్నాను. బండి కదిలింది. ఒక్క చుట్టే, అంతా నిదానంగా, ఎడమకంటితోనే తోలాడు. వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే తోలాడు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు దేవుడు మాకు ఇచ్చాడు. దబాయింపులు, ఉల్లిపాయ మలుపులు, తిరుగు ప్రయాణంలో బోండాలు, ఏ ఒక్కటీ తక్కువ చేయలేదు. రిటైరయ్యాక పోయేవాళ్లు ఎందరో మూగగా పోతారు. మా ఆయన చివరి దాకా నాతో మాట్లాడుతూనే పోయాడు. ఆయన పోయిన తర్వాత నేను మళ్లీ ట్రాకు మెట్టు ఎక్కలేదు.

మొన్న ఎక్కాను. కొత్త బండ్లు నిగనిగలాడుతున్నాయి. ముందున్న చిన్న తెర ఎక్కడ ఎంత నొక్కామో, ఏ మలుపులో ఎంత పోగొట్టుకున్నామో అన్నీ చెబుతుంది. మంచిదే, పిల్లలకు తొందరగా వంటబడుతుంది. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు కూడా లేదు. పెద్ద మలుపు దగ్గర టైరు మీద కళ్లు మూసుకుని ఎవరైనా కూర్చున్నా వినడానికి ఇప్పుడేమీ లేదు. ఆయన ఉండి ఉంటే ఈ మూగబండిని చూసి ఏమనేవాడో అనుకుంటూ బెల్టు పెట్టుకుని కూర్చున్నాను. పచ్చలైటు వెలిగింది. నా కాలు కదల్లేదు. మా ఆడబిడ్డ కొడుకు వచ్చి, "ఏంటికత్తా నిలబెట్టినావు, భయమైతాందా?" అని అడిగాడు. భయం కాదురా అన్నాను.

అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను. టైరు మీద ఎవరూ లేరు. దిగవలసిన మనిషి తన స్టాపులో దిగిపోయాడు, చెయ్యి పట్టి దింపినదాన్ని నేనే. ఇక బండిని అక్కడే నిలబెట్టి ఉంచితే కండక్టరుదే తప్పు. హెల్మెట్ లోపల, ఎవరికీ వినబడకుండా, రైట్ రైట్ అని నేనే చెప్పుకున్నాను.