కొత్తపట్నం చమురు, మా మామయ్య సిగరెట్టు

ఆ రోజుల్లో మా వైపు ఎవరిని కదిపినా స్థలాల గురించే మాట్లాడేవారు. రాజధాని అనగానే తుళ్లూరు పొలాల ధరలు ఎక్కడికి వెళ్లాయో కళ్లారా చూసినవాళ్లందరికీ, ఈసారైనా ముందుగా కొనకపోతే బతుకు వృథా అన్న బెంగ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కొత్తపట్నం దగ్గర సముద్రంలో చమురు పడిందన్న కబురు ఫోన్లలో తిరగడం మొదలైంది. బ్రాడీపేటలోని ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో నేను కొత్తగా చేరాను. (బీఎస్సీ చదివినవాడు చెబితే జనం నమ్ముతారని మేనేజరు గారు నన్ను తీసుకున్నారు. జనం సంగతేమో గానీ, ముందు నేను నమ్మాను.)

నా మొదటి బేరం మా మామయ్యే. ఉన్న ఒక్క మిరప చేనూ అమ్మేసి తీరంలో ప్లాట్లు కొంటానన్నాడు. అత్తయ్యకి ఇష్టం లేదు. అయినా మేనేజరు గారూ నేనూ కొనేవాళ్లందరినీ సైటు చూపించడానికి ఆఫీసు వ్యాన్లో తీసుకెళ్లిన రోజున మామయ్యతో పాటు ఆవిడా ఎక్కింది. చేను కొనేవాడు మాత్రం మామయ్యకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "గంటలో ఖాయం చేస్తానయ్యా" అన్నాడు మామయ్య.

సైటులో హద్దురాళ్ల కోసం గుంటలు తవ్వి ఉన్నాయి. ఒక గుంటలో ఊరిన నీళ్ల మీద రంగురంగుల తెట్టు కట్టి, గుప్పుమని నూనె వాసన వేసింది. "చూశారా! సముద్రం దాకా ఎందుకండీ, మీ కాళ్ల కిందే ఉంది!" అన్నారు మేనేజరు గారు. మామయ్య మొహం వెలిగిపోయింది. ఆ ఆనందంలో సిగరెట్టు కూడా వెలిగించాడు.

"మామయ్యా! కదలకు!" అని గావుకేక పెట్టాను. నేల కిందంతా గ్యాసు ఉంటుందనీ, ఒక్క రవ్వ పడితే అందరం లేచిపోతామనీ అరిచాను. వ్యాన్లో వచ్చినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. గాలి జోరుగా వీస్తోంది. సిగరెట్టు కొస ఎర్రగా రాజుకుంటోంది. చెయ్యి చాచి నిలబడ్డ మామయ్య, "ఒరేయ్ అల్లుడూ, దీన్నేం చెయ్యమంటావురా?" అన్నాడు ఏడుపు గొంతుతో. అత్తయ్య కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ పిలుస్తోంది. నేను ఊపిరి బిగబట్టి వెళ్లి, రెండు వేళ్లతో దాన్ని అందుకుని, అరచెయ్యి అడ్డుపెట్టి, సరుగుడు తోటలోంచి సముద్రం వైపు పరుగు తీశాను. వేళ్లు కాలుతున్నా వదల్లేదు. అలల్లోకి బోర్లా పడ్డాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

తడిసి ముద్దై తిరిగి వచ్చేసరికి అక్కడ వేరే మంట రేగింది. "పొయ్యి వెలిగిస్తే కొంప లేచిపోయే చోట మనుషులుంటారా?" అని మామయ్య వ్యాన్ ఎక్కేస్తున్నాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే. మేనేజరు గారు చెమటలు తుడుచుకుంటూ, "ఆగండి బాబూ! అది చమురు కాదండీ! పక్కన రొయ్యల చెరువు ఇంజనుకి తెచ్చిన డీజిల్ డ్రమ్ము దొర్లిందండీ, అంతే!" అన్నారు.

అత్తయ్య మెల్లగా కళ్లు తెరిచి, "అట్టయితే చమురు లేని ఇసుక మాకెందుకండీ?" అంది.

మామయ్య అప్పటికప్పుడే ఫోన్ తీసి చేను అమ్మడం లేదని చెప్పేశాడు. మేనేజరు గారు నన్ను పక్కకి లాగి, "నమ్మించమన్నాను గానీ, భయపెట్టమన్నానా?" అన్నారు. అదే నా ఉద్యోగానికి ఆఖరి రోజు.

ఇప్పుడు నేను బడిలో సైన్సు చెబుతున్నాను. దహనం పాఠం వచ్చినప్పుడల్లా, ఇసుకలో గుచ్చితే ఆరిపోయే సిగరెట్టుని సముద్రం దాకా మోసుకెళ్లిన ఆ బీఎస్సీ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ తర్వాత అంత నమ్మకంతో నేను దేనికోసమూ పరిగెత్తలేదు.