తూముకి వేసిన నంబరు

ఇల్లు లేనివాళ్ళు ఏ దేశంలో ఎంతమందో పేపర్లో పట్టిక వేస్తే, పోర్టులో పనిచేసి రిటైరైన మావారు మీసం మెలేశారు.

"చూశావా? అంత డబ్బున్న దేశం కన్నా మనమే నయం!"

నాకు ఒళ్ళు మండింది. తెలిసినవాళ్ళింట్లో తలదాచుకున్నవాణ్ణి కూడా ఆ దేశంలో ఇల్లు లేనివాడిగానే లెక్కేస్తారట. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది. అలా చూస్తే మా చుట్టాల్లో సగంమందికి ఇల్లు లేనట్టే.

"ఎవరు దేన్ని ఇల్లన్నారో ముందు కనుక్కోండి" అన్నాను.

నాకైతే కంచరపాలెం రైలుపట్టాల పక్కనున్న సిమెంటు తూము గుర్తొస్తుంది. ఎనభైల మొదట్లో, జనాభా లెక్కలకు ముందు, మేం పంతులమ్మలం ఇళ్ళకి నంబర్లు వేస్తూ తిరిగాం. కాలవ కోసం తెచ్చి వదిలేసిన తూముల్లో కొందరు కాపురముండేవారు. వాటికి నంబరు వెయ్యకూడదు. అందులోవాళ్ళని తర్వాత విడిగా, ఇల్లు లేనివాళ్ళ కింద లెక్కపెడతారని మాకు ముందే చెప్పారు.

దాటి వెళ్ళిపోతుంటే ఒకామె అడ్డం వచ్చింది.

"మా ఇంటికి నెంబరెయ్యవేటమ్మా?"

"ఇది తూమమ్మా, ఇల్లు కాదు."

"పాలు పొంగించినాం. ఇల్లు కాదేటి?"

మొగుడు స్టీలు ప్లాంటు పనుల్లో కూలి. ఆనందపురం దగ్గర పల్లెలో అత్త పెంచుతున్న కూతుర్ని ఆ మధ్యే తెచ్చుకుంది. మర్నాడు ఆ అత్త వస్తోంది.

"అందరికీ నెంబరుండి మాకు నేకపోతే, ఇల్లు నేని సోట పిల్లేటని అట్టుకెలిపోద్దమ్మా."

తూము మొదట్లో ఒక ఇటుక పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. అంతలో ఎక్కడినుంచో పిల్ల పరిగెత్తుకొచ్చి, ఆ ఇటుకని తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళింది.

నంబర్లకిచ్చిన సర్కారు రంగు ముట్టుకోలేదు. సంచిలోంచి బడి సుద్దముక్క తీసి, తూము మీద పెద్దగా ఒక నంబరు వేశాను. నా కాగితాల్లో ఆ నంబరు లేదు. లెక్కల్లో వాళ్ళు ఇల్లు లేనివాళ్ళే, అది తప్పని ఇప్పటికీ అనను.

రెండ్రోజులకి వాన పడింది. సుద్ద చెరిగిపోయుంటుందని మనసాగక అటు వెళ్ళాను. పిల్ల గొంతుక్కూచుని, వెలిసిన నా అంకెల్ని బొగ్గుతో దిద్దుతోంది.

"మీ నాన్నమ్మ ఏదమ్మా?"

"ఎలిపోనాది."

"నువ్వెళ్ళలేదే?"

"మా ఇల్లిదే కదేటి" అంది, దిద్దడం ఆపకుండా.