కొలిచి దాచే పికెట్ గారు

ఎల్‌వుడ్ పికెట్ గారు ఎంతటి రహస్యమైనా దాచగలరు. ఎంత దాచారో మాత్రం దాచలేరు.

వాషింగ్టన్‌లో, పాత సర్కారు కాగితాలను అచ్చుకి సిద్ధం చేసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. పక్కనే విప్లవం చేసి కూర్చున్న క్యూబాతో ప్రభుత్వం నడిపిన వ్యవహారాలన్నీ ఆయన బల్లమీదికే వస్తాయి. బయటపెట్టకూడనిది కొట్టేసి, ఆ ఖాళీలో ‘ఇక్కడ రెండు వరుసలు దాచాం’ అని కొలత రాయాలి. ఏళ్ల తరబడి రాసీ రాసీ ఆ కొలత నోటికి అంటుకుపోయింది.

“ఒంట్లో ఎలా ఉంది, పికెట్ గారూ?”

“బాగుంది. అర వరుస దాస్తున్నాను.”

“ఏమిటా అర వరుస?”

“చెబితే ఇంక దాచిందేముంది?”

ఒకసారి ఒకావిడని హోటలుకి తీసుకెళ్లారు. తన కొత్త హెయిర్‌కట్ ఎలా ఉందని ఆవిడ అడిగింది. “చాలా బాగుంది. ఒక పేరా దాస్తున్నాను” అన్నారట. ఆవిడ సూపు సగంలో వదిలేసి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆఫీసు క్యాంటీన్‌లో కిటికీ పక్కన ఆయనొక్కరే.

తలుపు పక్క బల్ల దగ్గర మారిసెలా కూడా ఒక్కతే. స్పానిష్ కాగితాలు అనువదించడం ఆమె పని. ఆమె కథ ఆఫీసులో అందరికీ తెలిసిందే. తల్లిలేని ఆ పిల్లని ఎనిమిదో ఏట, హవానాలో పియానోలు శ్రుతి చేసే నాన్న విమానమెక్కించి మయామీలో ఉన్న అత్త దగ్గరికి పంపాడు. వెనకే వస్తానన్నాడు. రాలేదు. “మీ నాన్నకి నీకంటే విప్లవమే ముద్దు” అని అత్త దెప్పేది. నాన్న పోయినా ఆ మాట పోలేదు. వస్తానన్న మనిషిని మారిసెలా మళ్లీ నమ్మలేదు. అందుకే ఎవరూ రాలేదు.

ఒకరోజు పై అధికారి గదిలోంచి కేకలు వినబడ్డాయి.

“ఈ టెలిగ్రాం మొత్తం కొట్టెయ్యవయ్యా! చదివితే నవ్విపోతారు!”

“పేరొక్కటే కొట్టేస్తాను. మిగతాది అచ్చవ్వాలి.”

“ఏడాదిగా దీనికోసం నా ప్రాణం తీస్తున్నావు. ఎందుకు?”

“కారణం ఒక వరుస. దాస్తున్నాను.”

పుస్తకం అచ్చయిన రోజున పికెట్ గారు మొదటిసారి తలుపు పక్క బల్ల దగ్గరికి వచ్చారు. “ఇప్పుడిది ఎవరైనా చదవొచ్చు” అని పేజీ తెరిచి ముందు పెట్టారు. హవానాలోని అమెరికా రాయబార కార్యాలయం, మూతపడే ముందు పంపిన టెలిగ్రాం అది:

‘పియానోలు శ్రుతి చేసే (ఒక పేరు దాచాం) వీసా కోసం వారం వారం వస్తున్నాడు. ముందే పంపిన కూతురి దగ్గరికి వెళ్లాలట. వచ్చినప్పుడల్లా మన పియానోని ఊరికే శ్రుతి చేసిపోతున్నాడు. అందులో ఇంక సరిచేయడానికేమీ మిగల్లేదు. దయచేసి అతనికి వీసా అయినా ఇప్పించండి, మాకు ఇంకో పియానో అయినా పంపండి.’

మారిసెలా రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంటూనే, క్యాంటీనంతా తిరిగి చూసేలా నవ్వింది.

“ఎంత మొండిఘటమో చూడండి! ఇది మా నాన్నే కదూ?”

“పేరు నేను చెప్పకూడదు.”

“చెప్పకండి. మా అత్తకి నేను చెప్తాలెండి.” ఎదుటి కుర్చీ లాగింది. “కూర్చోండి. నాతో భోంచేయడానికేమైనా అభ్యంతరమా?”

“లేదు.”

కొలత వస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది.

“అంతేనా?”

“అంతే,” అన్నారు పికెట్ గారు, చెవులదాకా ఎర్రబడుతూ. “ఏమీ దాచలేదు.”